ఏడో నిబంధన

జూలై 7, 2025

విక్రాంత్ ఇవాళ పటం రంగులు మార్చిండు. పోయిన నెల ఎర్రగ ఉన్న మూడు మండలాలు ఈ నెల పసుపు పచ్చగయినయి. పిల్లల చావులు తగ్గలేదు. ఎన్ని చస్తే ఎరుపు అనాలె అనే గీత కొంచెం పైకి జరిగింది, అంతే.

"ఎరుపు చూస్తే పెద్ద సారుకు బీపీ పెరుగుతది మేడం" అన్నడు.

వీనికి ముప్పై ఒక్క ఏండ్లు. నాకు పై అధికారి. వాళ్ల నాయిన రామకిషన్‌రావుకు పెద్దపల్లి దిక్కు రైసుమిల్లు ఉన్నది. బియ్యానికి పాలిష్ పట్టే ఇంట్ల పుట్టినోడు ఇక్కడికొచ్చి అంకెలకు పడుతున్నడు.

నేను పంతొమ్మిదేండ్లుగా ఈ కరీంనగర్ ఆఫీసుల ఒక్కటే పని చేస్తున్న. నాలుగు జిల్లాల నర్సులు రాసి పంపే అబద్ధాలను ఏరి పారేసుడు. ఆర్డరు కాయితం మీద జీవ గణాంక నిపుణురాలు అని ఉంటది. మా నాయినను అబ్బా అంటం. ఆయన మాత్రం అడిగినోళ్లకు "మా అతియా దవాఖాన లెక్కలు చూస్తది" అని చెప్తడు. అదే సరి.

హైదరాబాద్ ప్రమోషన్ పోస్టుకు జాబితా తయారయింది. నా పేరు మొదటిది. విక్రాంత్ పేరు లేదు. ఈ ఆఫీసు నుంచి ఇంతకంటె న్యాయమైన కాయితం పోవుడు నేను చూడలేదు.

జూలై 9

జైనూరు పైన కొండల్లో ఇప్పలగూడ అని ఒక ఊరు. అక్కడి ఉపకేంద్రం నర్సు పేరు కోమల. కాంట్రాక్టు ఉద్యోగం, పదమూడేండ్లయింది. ఉపకేంద్రం గోడకు ఒక నల్ల బోర్డు ఉంటది. ఎన్ని కాన్పులయినయి, నెల లోపు ఎంతమంది పిల్లలు పోయిన్రు అని. ఆ అంకెలు మా కంప్యూటర్ నుంచి పోతయి, నర్సు సుద్దముక్కతో ఎక్కించాలె. రెండేండ్లకు మా అంకె మూడు. ఈమె పదకొండు రాసింది. తనిఖీకి పోయినాయన తుడిచి మూడు రాయించిండు. ఆయన జీపు మలుపు తిరగకముందే ఈమె మళ్లీ పదకొండు రాసింది. ఆ తరువాత వచ్చిన పెద్దాయన ఒకరు బోర్డు చూసిండు, చేతిలోని కాయితం చూసిండు, అక్కడి నుంచి ఫోన్లు మొదలయినయి.

ఆగస్టు 31కి ఆమె కాంట్రాక్టు అయిపోతది. ఆమె రిజిస్టరు నమ్మదగ్గదా కాదా అని నేను నివేదిక ఇయ్యాలె. కాదంటే పొడిగింపు లేదు, ఇంటికి పోతది.

"రెండు పేరాలు చాలు మేడం" అన్నడు విక్రాంత్. "మీ సంతకం ఉంటే ఎవ్వరు మారు మాట్లాడరు."

అది నిజం.

జూలై 10

కోమల రిజిస్టరు ఫొటోలు వచ్చినయి. చేతిరాత బాగున్నది. చేతిరాత బాగున్న నర్సులను నేను నమ్మ. తీరుబడిగ కూసోని రాసినట్టు ఉంటది.

జూలై 14

పుట్టిన పిల్ల బరువు దగ్గర అందరు దొరుకుతరు. నిజంగ తూకం వేస్తే చివరి అంకె అన్ని తీర్ల వస్తది. వేయకుండ రాస్తే రెండున్నర కిలోలే వస్తది. అంతకంటె తక్కువ రాస్తే సంజాయిషీ అడుగుతరు కాబట్టి. కోమల చుట్టుపక్కల తొమ్మిది ఉపకేంద్రాలు తీసి చూసిన. సగానికి సగం పిల్లలు సరిగ్గ రెండున్నర కిలోలు. దేవుడు కిరాణ దుకాణం పెట్టుకున్నట్టు.

కోమలవి అట్ల లేవు. 1.9, 2.2, 3.1, 2.35, 2.7. ఎక్కడా కుప్ప పడలేదు. నిజంగ తూకం వేస్తే వచ్చే తీరు అదే.

కంప్యూటర్ మాత్రం ఈమె కేంద్రానికే ఎర్ర గుర్తు పెట్టింది. పదింటిల తొమ్మిది ఒక తీరుగ ఉంటే పదోది తప్పు అని దానికి చెప్పింది నేనే.

తెలివైన మనిషి అయితే అబద్ధాన్ని కూడా చెల్లాచెదురుగ రాస్తది. ఒక నర్సుకు అంత తెలివి ఉంటదా? ఉండొచ్చు. పోయి చూడాలె. రెండు పేరాలు ఇక్కడ కూసోని కూడా రాయొచ్చు, కాని నేను విక్రాంత్‌ను కాదు.

జూలై 17

పొద్దున మంచిర్యాల దాక రైలు. అక్కడి నుంచి రాయమల్లు కిరాయి జీపు. ఘాటు రోడ్డు మీద వాన. రాయమల్లు నోరు మూయడు. ఏ మలుపు దగ్గర ఏ లారీ పడ్డదో చెప్పుకుంట పోతడు. "సచ్చినోళ్ల లెక్క మస్తు తెలుసు నాకు, నన్ను పెట్టుకో మేడం మీ ఆఫీసుల" అన్నడు.

ఇప్పలగూడ ఉపకేంద్రం అంటే రెండు గదులు, ఒక రేకుల వరండా. కోమలకు నలభై దాటి ఉంటయి. గుంజి ముడేసిన జుట్టు. లేచి నిలబడ్డది గాని భయపడలేదు.

"కూసోండ్రి మేడం. కుర్చీ ఒక్కటే ఉన్నది, అది తనిఖీకి వచ్చెటోళ్లదే. మేం దాని మీద కూసోం, అరుగుతదని."

"తూకం మిషన్ ఏది?"

"గదే. బ్యాటరీలు అయిపోతే జైనూరు అంగట్ల తెచ్చి నేనే ఏస్త. నడుస్తుందో లేదో మీ సంచి పెట్టి సూడుండ్రి."

పెట్టిన. నడుస్తున్నది. ఒక కిలో ఎనిమిది వందల యాభై.

"మిగతా కేంద్రాలల్ల అందరు పిల్లలు రెండున్నర కిలోలు ఉన్నరు. నీ దగ్గరనే వేరే వేరే ఉన్నరు, ఎందుకు?"

"మా ఊరి పోరగాండ్లకు మీ లెక్క తెల్వది మేడం. ఎవనికి ఇష్టమొచ్చినంత వాడు పుడ్తడు."

నవ్వు వచ్చింది. నవ్వలేదు.

పదకొండు మంది ఎవరు అని అడిగిన. రిజిస్టరు తెరువలేదు. వేళ్ల మీద చెప్పింది. పేరు పెట్టకముందే పోయిన పిల్లలు, కాబట్టి తల్లుల పేర్లు. ఎన్నో కాన్పు, ఎన్నో రోజు, ఎంత బరువు. నేను ఫొటోలతో సరి చూసుకుంట పోయిన. ఒక్కటి కూడా తప్పలేదు. బట్టీ పట్టి ఉంటది అనుకున్న. ఎందుకు బట్టీ పడతది అనేది అప్పుడు అనుకోలేదు.

"మా దగ్గర ముగ్గురే ఉన్నరు" అన్న.

"మీ దగ్గరెట్లుంటరు మేడం. ఈడ బొంద పెట్టినం."

లీలాబాయి అనే ఆమె ఇంటికి తీసుకపోయింది. పత్తి చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. ఆమె బిడ్డను మంచిర్యాల దిక్కు ఇచ్చిన్రు. ఎనిమిదో నెలల ఇక్కడికి తీసుకొచ్చిన్రు, మొదటి కాన్పు. మగ పిల్లవాడు. మూడో రోజు పోయిండు. అది మార్చిలో.

"ఇంకెన్నిసార్లు అడుగుతరు బాయి?" అన్నది లీలాబాయి నాతో. "పొల్లకు నొప్పులొచ్చిన దినం అంబులెన్సు రానీకి తొవ్వ లేదంటిరి. పోరడు పోయినంక జీపుల మీద జీపులు వస్తున్నయి. గిప్పుడెక్కడికెళ్లి వచ్చింది తొవ్వ?"

"ఆమె అత్తగారి ఊర్లె రాసుకున్నరా ఈ సంగతి?"

"ఆడెట్ల రాస్తరు? పొల్ల ఈడున్నది గద."

బిడ్డ తలుపు ఎనుక నిలబడి ఉన్నది. ఆమె గర్భిణి కార్డు చూపించింది. దాని మీద అత్తగారి ఊరు పేరు ఉన్నది. మూడో నెలల అక్కడ రాయించుకున్నది కాబట్టి.

మళ్లీ ఉపకేంద్రానికి వచ్చినం. పోయేముందు కోమల రిజిస్టరు తెరిచి ముందర పెట్టింది, ఎర్ర పెన్ను మూత తీసి. తనిఖీకి వచ్చిన అధికారి ఆఖరి వరుస కింద ఎర్ర ఇంకుతో "చూసిన" అని రాసి సంతకం పెట్టాలె. అది పద్ధతి. ఇవాళటి తారీకు ఆమె ముందే రాసి పెట్టింది, పక్కన జాగా విడిచి.

"విచారణల ఉన్న రిజిస్టరు మీద నేను పెట్ట" అన్న.

"పెట్టకుండ్రి" అన్నది, పెన్నుకు మూత పెట్టుకుంట. "పోయిన సారు గూడ పెట్టలే. మూడు రాయించి పోయిండు."

నోరు ఎక్కువ. ఉద్యోగం ఎందుకు పోతున్నదో అర్థమైతది.

జూలై 18

రాత్రి జైనూరులో ఉండి, వాపసు వచ్చేటప్పుడు లీలాబాయి బిడ్డ అత్తగారి ఊరికి పోయిన. అక్కడి నర్సు రిజిస్టరు తెచ్చి చూపించింది. ఆ పిల్ల పేరు ఉన్నది. పక్కన "తల్లిగారింటికి పోయినది" అని రాసి, వరుస మీద అడ్డంగ గీత కొట్టి ఉన్నది.

"కాన్పు ఏమైంది అని తరువాత అడుగలేదా?" అన్న.

"ఆడ కాన్పయితే ఆడోళ్లే రాసుకుంటరు గద మేడం" అన్నది. ఆమె తప్పు చేసినట్టు ఆమెకు అనిపించలేదు.

మా కంప్యూటర్‌ల కనబడని ఎనిమిది మంది. మిగతా ఏడుగురి అత్తగారి ఊర్లకు జీపుల కూసోనే ఫోన్లు చేసిన. ఏడు రిజిస్టర్లల్ల ఒక్కటే మాట. తల్లిగారింటికి. తల్లిగారింటికి. వలస, అని రాసినామె ఒకామె.

రాయమల్లు అద్దంల నన్ను చూసి అన్నడు. "మొదటి కాన్పు తల్లిగారింట్ల గాక ఇంకేడ చేస్తరు మేడం? గిది సూడనీకి గింత డీజిల్ కాల్చినమా?"

ఇంటికి పోయి ఒకటి చూడాలె.

జూలై 20

ఆదివారం. తల నొస్తున్నది. చూడలేదు.

జూలై 21

చూసిన.

నర్సులు ఎక్కించిన వరుసలను శుభ్రం చేసే ప్రోగ్రాం నాది. పద్నాలుగు నిబంధనలు. ఏడోది ఇట్ల ఉన్నది: చనిపోయిన శిశువు తల్లి పేరు నమోదయిన ఊరు ఒకటి, మరణం ఎక్కించిన ఊరు ఇంకొకటి అయితే అది నకలు వరుస, తీసెయ్యాలె.

దానికి కారణం ఉండె. అప్పట్ల ఒక్క చావే రెండు ఊర్ల నుంచి వచ్చేది. ఒక పిల్లవాడు ఇద్దరయ్యేది. తల్లి పేరు ఉన్న ఊరే రాయాలె, రెండోది మనకు వద్దు అనుకున్న.

నిబంధన తప్పు కాదు. అత్తగారి ఊరి నర్సు తన పని తాను చేస్తే ఆ ఎనిమిది మంది అక్కడ కనబడేవాళ్లు. గీత కొట్టి కూసున్నది ఆమె. ప్రతి ఒక్కరికి నేను పని నేర్పియ్యలేను.

నిబంధన తప్పు కాదు.

జూలై 23

నాలుగు జిల్లాలు, ఎనిమిదేండ్లు. ఏడో నిబంధన తీసేసిన వరుసలు 1,146. వాటిల ఇంకో ఊరి నుంచి నిజంగ వచ్చినవి, అంటే నిజమైన నకళ్లు, 203.

మూడు సార్లు చేసిన. 203.

మిగిలిన 943 ఎక్కడా లేరు.

2018ల నాకు శాలువ కప్పిన్రు. ఒక్క ఏడాదిల శిశు మరణాలు పద్దెనిమిది శాతం తగ్గినయని, ఆ తగ్గుదలను చూపించిన విశ్లేషణ నాదని. జ్ఞాపిక అల్మరా మీద ఉన్నది. తగ్గినయనే నేను అనుకున్న.

అనుకున్ననా?

జూలై 24

అబ్బా మునిసిపాలిటీల జనన మరణాల సెక్షన్‌ల ముప్పై మూడేండ్లు గుమాస్తా. బాబు మియా అంటే ఇప్పటికీ బజార్ల "పుట్టుక కాయితాల బాబు మియా" అంటరు. రోజు సాయంత్రం దఫ్తర్ నుంచి వచ్చి పోస్టు కార్డులు రాసేటోడు. పుట్టింటికి వచ్చి కరీంనగర్‌లో పోయిన ఆడవాళ్ల గురించి, పిల్లల గురించి, వాళ్ల అత్తగారి ఊరి దఫ్తర్‌కు. ఎవరు రాయమన్నది లేదు. నేను ఎం.ఎస్సీ చదివేటప్పుడు దాన్ని చూసి నవ్వేదాన్ని. నకళ్లు పుట్టేది మీ కార్డులతోనే అబ్బా, అనేదాన్ని.

ఇవాళ చాయ్ తాగేటప్పుడు అడిగిన. "ఆ కార్డులు ఎందుకు రాసేది మీరు?"

"వాళ్లు ఏ దఫ్తర్ల ఉండరు బేటీ. ఈడ అడిగితే ఆ ఊరోళ్లు అంటరు. ఆడ అడిగితే ఈ ఊరు పోయిన్రు అంటరు. కార్డు ముక్క పోతే ఆడి గుమాస్తా నన్ను తిట్టుకుంట అయినా రాసుకునేది."

"అప్పుడు రెండు చోట్ల అయితది కద."

"అయితే ఒకటి కొట్టేయి. గంతదానికి ఫికర్ ఏంది? రెండు దఫ్తర్లకు పేర్లు కలిపి చూసేటందుకే గద నీకు మిషన్ ఇచ్చింది."

పేర్లు కలిపి చూసుడు. ఆ పని నిబంధన రాసేటప్పుడు చేయలేదు. ఊర్లు కలువకపోతే తీసెయ్ అన్న. అది తొందరగ అయితది.

"ఎందుకు అడుగుతున్నవ్?" అన్నడు.

"ఊకెనే" అన్న.

జూలై 25

విక్రాంత్‌కు చెప్పిన. వాడు తలుపు పెట్టి వచ్చి కూసున్నడు.

"ఏడో నిబంధన సంగతి నాకు తెలుసు మేడం. వచ్చిన కొత్తల్నే చూసిన. గంత మంచి నిబంధనను ఎవరు ముట్టుకుంటరు?"

వీడు తెలివితక్కువోడని మూడేండ్లు అనుకున్న.

"అది తీస్తే నాలుగు జిల్లాలు ఎనిమిదేండ్ల ఎనుకకు పోతయి. మీ శాలువ గూడ ఎనుకకు పోతది" అని నవ్విండు. "హైదరాబాద్ జాబితా ఇంకా సంతకం కాలేదు. నేను బెదిరిస్తలేను, మీరు పెద్దోళ్లు. ఆ కోమల కాంట్రాక్టు మనిషి. ఇయ్యాల కాకుంటే రేపు పోయేటామె. మీరెందుకు పరేషాన్ అయితరు?"

వాడు చెప్పిన దాంట్ల లెక్క తప్పు లేదు.

జూలై 28

నివేదిక పంపిన. నాలుగు పేరాలు. ఇప్పలగూడ రిజిస్టరు నమ్మదగ్గది, బరువుల నమోదు ఆ మండలంల అన్నిటికంటె మెరుగు. బోర్డుకు, కంప్యూటర్‌కు మధ్య తేడా "సాంకేతిక కారణం" వల్ల వచ్చింది.

కోమల ఉద్యోగం నిలబడుతది. నా పని నేను చేసిన. విక్రాంత్ చదివి "బాగున్నది మేడం, ఎవ్వరికి నొప్పి లేదు" అన్నడు.

ఈ నివేదికకు ఎంత ధైర్యం కావాలెనో వానికి తెలువదు.

జూలై 31

మధ్యాహ్నం కోమల ఫోను చేసింది. నంబరు రాయమల్లు ఇచ్చిండట.

"నివేదిక నీకు అనుకూలంగనే రాసిన" అన్న.

"విన్న మేడం. నా రిజిస్టరు మంచిదన్నరట. సంతోషం. బోర్డు మీద ఎంత రాయాలె మరి?"

నేను లేచి తలుపు వేసిన.

"ఎందుకంటే పోయిన బుధవారం ఇంకొకడు పోయిండు. రెండు కిలోల నూరు. తల్లిది పెద్దపల్లి దిక్కు, ఈడికి కాన్పుకు వచ్చింది. ఆ దినమే ట్యాబుల ఎక్కించిన. బోర్డు మీద పన్నెండు రాసిన. మీ దాంట్ల జర సూసి చెప్పుండ్రి, ఉన్నడా?"

చూసిన. లేడు.

"హలో. మేడం. ఉన్నడా?"

"సిగ్నల్ సరిగ్గ లేదు" అని పెట్టేసిన.

మా ఆఫీసుల సిగ్నల్ నాలుగు గీతలుంటది.

ఆగస్టు 1

హైదరాబాద్‌ల ఇండ్లు చూడమని ఎవరికైనా చెప్పాలె. అబ్బాకు మెట్లు ఉండొద్దు.

ఆగస్టు 2

చెల్లె యుమ్నా మంచిర్యాల నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోయింది. ఆమె కొడుకు సాద్ ది పుట్టుక కాయితం బడిల అడిగిన్రట. మంచిర్యాల ఆఫీసుల దొరుకలేదట, దొరుకదు. వాడు పుట్టింది కరీంనగర్‌లో. అబ్బా లేచి పెట్టెల నుంచి తీసి ఇచ్చిండు. 11 మార్చి 2017.

ఆ తారీకు నాకు ఎక్కడో తగిలింది. వాళ్లు పోయినంక ప్రోగ్రాం తెరిచిన. ప్రతి నిబంధన పక్కన రాసిన తారీకు ఉంటది, నా పద్ధతి అది. ఏడో నిబంధన, 16 మార్చి 2017.

ఆ ఏడాది డైరీ అట్టడుగున ఉండె. తీసిన. ఆ రోజు రాసింది ఇంతే:

"సాద్ పొద్దటి నుంచి ఏడుపు. లెక్క తప్పుతున్నది. తలుపు వేసుకున్న. ఏడోది అయిపోయింది. అబ్బా మంచిర్యాలకు కార్డు రాయనా అంటున్నడు, ఈ కాలంల కార్డేంది."

చెల్లె మొదటి కాన్పు. తల్లిగారిల్లు. మా ఇల్లు. పక్క గది.

గర్భిణి కార్డుల యుమ్నా ఊరు మంచిర్యాల. పిల్లవాడు పుట్టింది ఇక్కడ. ఆ రోజు వానికి ఐదు రోజులు. ఆ రోజు వాడు పోయి ఉంటే కరీంనగర్ నర్సు ఎక్కించేది, సాయంత్రానికి నా ప్రోగ్రాం తీసేసేది. ప్రోగ్రాం బాగా పని చేస్తున్నదని అందరి కంటె ముందు నేనే మురిసేదాన్ని.

నర్సులకు బుద్ధి లేదని, గుమాస్తాలకు చదువు లేదని, పంతొమ్మిదేండ్లు ఈ డైరీల రాసిన. ఇవాళ కొన్ని పాత పుటలు చదివిన. ఎంత మంచి చేతిరాత.

ఆగస్టు 4

పొద్దున నిబంధన తీసేసిన. ఊర్లు కాదు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన రోజు కలిపి చూసే పద్ధతి పెట్టిన. అబ్బా చెప్పిందే. రాయడానికి గంటన్నర పట్టింది.

కొత్త నివేదిక ఒక్క పుట. సాంకేతిక కారణం అనే మాట కొట్టేసిన. దాని జాగాల: "ఏడో నిబంధనను 16 మార్చి 2017న నేను రాసిన. దాని వల్ల 943 శిశు మరణాలు లెక్కల నుంచి పోయినయి. ఇప్పలగూడ నర్సు రాసినది నిజం. 2018ల చూపించిన తగ్గుదలల ఎక్కువ భాగం తగ్గుదల కాదు." పేరు, సంతకం.

పెద్ద సారుకు, హైదరాబాద్‌కు పంపిన. ఏ ఉపకేంద్రంవి తీసేసిన వరుసలు ఉంటే అవి ఆ ఉపకేంద్రానికి అచ్చు తీసి పోస్టుల వేసిన. మెయిల్ అయితే ఇవాళే విక్రాంత్ మింగేస్తడు. కవర్లు అబ్బా అంటించిండు. అడ్రసులు కూడా ఆయనే రాసిండు, ఆయన రాత ఇప్పటికీ నాకంటె నయం. ఏందివి అని అడుగలేదు. ఊర్ల పేర్లు చదువుకుంట రాసిండు.

ఆగస్టు 5

పటం నిండ ఎరుపు. విక్రాంత్ దాని ముందర చానా సేపు నిలబడ్డడు. గీత ఎంత పైకి జరుపాలెనో తెలిసినట్టు లేదు.

ఆగస్టు 14

పెద్ద సారు పిలిచిండు. కూసోమనలేదు.

"ఎనిమిదేండ్లు కరెక్టు అని మీరే చెప్పిన్రు. ఇప్పుడు తప్పు అని మీరే చెప్తున్నరు. రెండిట్ల ఏది నమ్మాలె నేను?"

పంతొమ్మిదేండ్లల్ల ఈ ఆఫీసుల నన్ను ఎవరన్నా అడిగిన మొదటి సరైన ప్రశ్న. "రిజిస్టర్లను నమ్ముండ్రి సార్" అన్న. అది ఆయనకు నచ్చలేదు.

ప్రోగ్రాం విక్రాంత్‌కు అప్పగించాలె. నేను సెలవు మీద పోవాలె, పిలిచేదాక. హైదరాబాద్ జాబితా వేరేది పోతది.

విక్రాంత్ ఏడో నిబంధనను మళ్లీ పెడుతడు. పెట్టనీ. కవర్లు చేరినయి. నిన్న ఒక నర్సు ఫోను చేసి, మా బోర్డు మీద రాయొచ్చా మేడం అని అడిగింది. రాయి అన్న. ఆమె సాయంత్రం ఇంకో నర్సుకు చెప్పినట్టున్నది. పొద్దటి నుంచి ఫోన్లు. అందరికి ఒక్కటే చెప్తున్న. నేను అధికారిని కాదు ఇప్పుడు, కాని రాయి.

ఆగస్టు 31

కోమలకు పొడిగింపు వచ్చింది. మూడు నెలలకే. రాయమల్లు చెప్పిండు. నిజం రాసినందుకు ఆమెకు వీళ్లు ఇచ్చేది అంత. అబద్ధం రాసిన తొమ్మిది మందికి ఏడాది ఇచ్చిన్రు.

సెప్టెంబరు 10

బస్సుల పోయిన. కరీంనగర్ నుంచి మూడు బస్సులు, ఆఖరికి ఒక ఆటో. చేరేసరికి రెండయింది.

బోర్డు మీద పన్నెండు ఉన్నది. సుద్దముక్కతో కాదు, తెల్ల పెయింటుతో రాసింది.

కోమల వరండాల ఒక పిల్లను తూకం వేస్తున్నది. నన్ను చూసింది గాని తూకం ఆపలేదు. అంకె రాసుకున్నది. పిల్లను తల్లికిచ్చింది.

"జీపు ఏది?" అన్నది.

"బస్సుల వచ్చిన."

"అట్లనా." లోపలికి చూసింది. కుర్చీ అక్కడే ఉన్నది. "గది తనిఖీకి వచ్చెటోళ్లది. ఈ బల్ల మీద కూసో."

కూసున్న. పోయినసారి మీరు అన్నది, ఇప్పుడు నువ్వు. ఆ రెండిటి మధ్య ఎంత దూరం ఉన్నదో ఆమె సరిగ్గ కొలిచింది, బ్యాటరీ వేసిన మిషన్ లెక్క.

"సిగ్నల్ దొరికిందా?" అన్నది.

దొరికింది అన్న. పిల్లవాడు అప్పుడు మా దాంట్ల లేడని, నేను చూసిన తరువాతనే ఫోను పెట్టేసిన అని చెప్పిన. ఆమె తల ఊపింది. అది ఆమెకు ఆ రోజే తెలుసు.

"నా మూడు నెలలు అయినంక ఏమైతదో తెల్వది. నీదీ పాయె. ఇద్దరి లెక్క కొట్టుడుపోయినట్టు అయింది" అన్నది. అది ఎగతాళో కాదో నాకు తెలువలేదు. క్షమించినట్టయితే లేదు. నేను అడుగనూ లేదు.

రిజిస్టరు తెమ్మన్న. తెచ్చింది. జూలై 17 అని ఆమె అప్పుడు రాసి పెట్టిన తారీకు అట్లనే ఉన్నది, పక్కన జాగా ఖాళీగ.

"ఎర్ర పెన్ను ఇయ్యి."

"ఎర్రది ఆఫీసర్లకు. నీకు నీలిది సాలు."

తన జేబుల నుంచి తీసి ఇచ్చింది. నేను జూలై 17 పక్కన ఖాళీ జాగాల పెన్ను పెట్టబోయిన. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ గాదు. ఆ దినం నువ్వు పెట్టలే. ఇయ్యాల పెడుతున్నవ్. ఇయ్యాలటి తారీకు ఎయ్యి."

కిందికి జరిగిన. పన్నెండో పిల్లవాని వరుస కింద, చూసిన, అని రాసిన. అతియా. సెప్టెంబరు 10.